విందుకు నిజంగా వచ్చిన ఊరు

ఒగివారా మిసావో గారు శాసనసభ్యుడైన కుసకబే గారి కార్యాలయంలో ముప్ఫై ఒక్క సంవత్సరాలుగా ఉత్తరాలు రాస్తున్నారు. ఆ కార్యాలయం రైల్వే స్టేషనుకు ఎదురుగా, చాపల దుకాణానికి పైన, రెండో అంతస్తులో ఉండేది. కొత్త చాపల ఎండుగడ్డి వాసన మెట్ల మీదుగా పైకి ఎక్కి వచ్చి, ఆమె రాతిమీద నూరుకునే సిరాకడ్డీ వాసనతో కలిసిపోయేది. ఎండాకాలమైనా, చలికాలమైనా ఉదయం ఎనిమిదింటికి ఆమె మోచేతులకు నల్లగుడ్డ తొడుగులు వేసుకుని, కుంచె తడిపి కూర్చునేవారు. ఆ సమయానికి స్టేషనులో ఆగవలసిన రైలు ఒక్కోసారి ఆలస్యమయ్యేది కానీ, ఆమె కుంచె ఏనాడూ ఆలస్యం కాలేదు.

ఆ నియోజకవర్గంలో తెల్లవారుజామున ఎవరైనా కన్నుమూస్తే, మధ్యాహ్నం లోపల కుసకబే గారి పేరుతో సంతాపపు ఉత్తరం ఆ ఇంటికి చేరేది. పిల్లవాడు పై తరగతికి వెళ్తే అభినందన, ఇల్లు తగలబడితే పరామర్శ. ఏడువేల ఇళ్ళకు ఏడువేల కార్డులు ఆమె దగ్గర చెక్కపెట్టెలలో ఉండేవి. ఏ ఇంట్లో ఎవరికి కీళ్ళనొప్పులో, ఏ అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేశారో, అన్నీ ఆ కార్డులలో నమోదై ఉండేవి. ప్రాణం పోయిందో లేదో వైద్యుణ్ణి అడిగి లాభం లేదు, మిసావో గారి ఉత్తరం వచ్చిందేమో చూసుకోవాలి అని చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు పరిహాసమాడేవారు. ఆ మాట ఆమె చెవిన పడినప్పుడు, ఉత్తరం పొరపాటున ముందుగా వెళ్ళిన సందర్భం ఒక్కటీ లేదని ఎంతో గంభీరంగా జవాబు చెప్పేవారు.

ఆమెకు ఆ ఉద్యోగం దొరికిన తీరు కూడా ఆమె స్వభావానికి తగినదే. పెళ్ళయిన రెండేళ్ళకే భర్త పోయాడు. చావింటికి పలకరించడానికి వచ్చిన పెద్ద కుసకబే గారు, అంటే ఇప్పటి సభ్యుని తండ్రి, గుమ్మం దగ్గర నిలబెట్టిన పలకమీద మృతుని పేరు చూసి, ఈ అక్షరాలు ఎవరివని అడిగారు. పేరు రాసే మనిషి సమయానికి రాలేదనీ, అందుకని తానే రాసుకున్నాననీ ఆ ఇరవై ఏళ్ళు దాటిన వితంతువు చెప్పింది. ఆయన తల పంకించి వెళ్ళిపోయారు. పది సంవత్సరాల తరువాత, ముందున్న లేఖకుడు పదవీ విరమణ చేసిన రోజున, ఆ పలకను గుర్తుపెట్టుకుని కబురు పంపారు. పెద్దాయన పోయాక కుమారుడు ఆ స్థానానికి వచ్చారు. శాసనసభ్యులను గురువుగారూ అని పిలవడం అక్కడి మర్యాద కనుక, తన కళ్ళముందు నిక్కర్లు వేసుకుని తిరిగిన ఆ కుర్రవాణ్ణి మిసావో గారు కూడా గురువుగారూ అనే పిలిచారు. వెనకటి చనువు ఒక్క మాటలోనైనా దొర్లనివ్వలేదు.

కార్యాలయానికి ప్రతి గురువారం విన్నపాలవాళ్ళు వచ్చేవారు. వంతెన కావాలనీ, బస్సు నడపాలనీ, వరదగట్టు తెగిందనీ, చేతిలో ఒక కానుకతో నడవలోని బల్లలమీద వరసగా కూర్చునేవారు. వాళ్ళకు తలా పది నిమిషాలు. కంపెనీలవాళ్ళు మాత్రం ఆ బల్లలమీద కూర్చోగా ఎవరూ చూడలేదు. వాళ్ళు ఎదురుచూడరు, వాళ్ళకోసం ఎవరైనా ఎదురుచూస్తారు. సభ్యునికి ముఖ్య కార్యదర్శిగా ఉన్న నిరసావా అనే ముప్ఫై అయిదేళ్ళ యువకుడు పని ఇక్కడ చేసేవాడు, జీతం ఒక కట్టడాల కంపెనీ దగ్గర తీసుకునేవాడు. మనిషిని అరువిచ్చారు, అంతే. ఇందులో తప్పున్నదని ఎవరికీ తోచలేదు. మిసావో గారికి సైతం తోచలేదు. అతనికి ఉదయంపూట కడుపులో మంట అని తెలిసి, ఆమె రోజూ యవల కషాయం కాచి అతని బల్లమీద పెట్టేవారు.

ఏడాదికి రెండుసార్లు సభ్యుని కోసం స్టేషను పక్కనున్న హోటలులో విందు జరిగేది. టికెట్టు ఇరవై వేల యెన్లు. కంపెనీలు యాభై, వంద, మూడు వందల చొప్పున టికెట్లు కొనేవి. విందు పేరు విందే అయినా, టికెట్టు కొన్నవాళ్ళు భోజనానికి రాకపోవడమే అక్కడి మర్యాద. రెండువేల టికెట్లు అమ్ముడుపోతే, హాలులో పట్టేది అయిదు వందలమంది, వంట జరిగేది మూడు వందలమందికి. వచ్చేవాళ్ళు కూడా పేరు రాసి, పరిచయపు చీటీ పళ్ళెంలో వేసి, ఒక గ్లాసు ఎత్తి, గడియారం చూసుకుని వెళ్ళిపోయేవాళ్ళు. ఎంగిలిపడకుండానే తీరే ఆ రుణానుబంధాన్ని మిసావో గారు ఎన్నో ఏళ్ళుగా చూస్తున్నారు. హోటలువారికి భోజనాల సంఖ్య చెప్పే బాధ్యత కూడా ఆమెదే.

1987 శరత్కాలంలో ఆమె పుట్టినూరు కమినోసావాకు కష్టం వచ్చిపడింది. కొండవాలులో ఇరవై మూడు ఇళ్ళ ఊరు అది. ఊటనీరు గులకరాళ్ళ మళ్ళలో మెట్టుమెట్టుగా దిగుతూ పారుతుంటే, ఆ నీటిలోనే వసాబి అనే ఘాటైన దుంప పెరుగుతుంది. నీరు కొంచెం వెచ్చబడినా, కొంచెం చెడినా ఆ పంట నిలవదు. ఆ ఏడాది వచ్చిన కొత్త చట్టం విహారస్థలాలు కట్టే కంపెనీలకు తలుపులు బార్లా తెరిచింది. ఊటకు సరిగ్గా పైనున్న కొండను చదును చేసి గోల్ఫు మైదానం వేయడానికి ఒక కంపెనీ పూనుకుంది. ఆ గడ్డి పచ్చగా ఉండాలంటే ఏడాది పొడుగునా మందు కొట్టాలి. కొట్టిన మందు వానకు కిందికే దిగుతుంది.

కంపెనీ దరఖాస్తుకు స్థానిక శాసనసభ్యుని సమ్మతి పత్రం జతచేయవలసి ఉంది. ఆ పత్రం నవంబరు నెల మొదటి సోమవారం సాయంత్రానికి గవర్నరు కార్యాలయంలో అందకపోతే, దరఖాస్తు వసంతకాలపు పరిశీలనకు వాయిదా పడుతుంది. విందు దానికి ముందురోజైన ఆదివారం.

ఊరిపెద్దగా ఉన్న ఇసోకిచి మిసావో గారికి స్వయానా తమ్ముడు. అతను మూడు గురువారాలు వచ్చి, మూడుసార్లూ బల్లమీద కూర్చుని, మూడుసార్లూ పది నిమిషాలు మాట్లాడి వెళ్ళాడు. మూడోసారి బయటికి వచ్చాక, అక్కగారు టీ కాచే మూలకు వెళ్ళి గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"బాగా ఆలోచిస్తానన్నారక్కా. మూడుసార్లూ అదే మాట. ఇంతకీ మీ ఆఫీసులో ఆ మాటకి మేం ఏం చెయ్యాలని అర్థం?"

"ఇంటికెళ్ళాలని," అన్నారు మిసావో గారు.

అతను నవ్వబోయి ఆగిపోయాడు. తరువాత నెమ్మదిగా, మనం చెయ్యనిదీ కంపెనీవాళ్ళు చేసేదీ ఏమిటని అడిగాడు. ఆమె ఎన్నడూ అబద్ధం చెప్పిన మనిషి కాదు. అడిగినదానికి జవాబు చెప్పడం తప్ప అందులో సలహా ఏదీ ఉన్నదని ఆమె అనుకోలేదు.

"వాళ్ళు టికెట్లు కొంటారు."

"ఏ టికెట్లు? రైలువా?"

"విందువి."

వారం తిరిగేసరికి కమినోసావా నుంచి రిజిస్టరు కవరు వచ్చింది. ఊరి గుడికి రాగిరేకు పైకప్పు వేయించాలని పదకొండేళ్ళుగా కూడబెట్టిన సొమ్ము అందులో ఉంది. ఇంటికి ఇద్దరు చొప్పున నలభై ఆరు టికెట్లు పంపగలరని, ఇసోకిచి వంకర అక్షరాలతో, ఎంతో మర్యాదగా రాశాడు. మిసావో గారు ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదివారు. ఆయా ఇళ్ళ కార్డులు తీసి, మనసులో నలభై ఆరు ముఖాలను చూసుకున్నారు. టికెట్లు లెక్క ప్రకారం పంపించారు.

ఆ రోజే నిరసావా సమ్మతి పత్రం ముసాయిదా తెచ్చి ఆమె ముందు ఉంచాడు. అది ఎప్పటిలాగే కంపెనీలో తయారైనది, కంపెనీ వాడే దళసరి మీగడరంగు కాగితంమీద టైపు చేసినది. కంపెనీలు ముసాయిదాలు పంపడం, ఆమె వాటిని కార్యాలయపు కాగితంమీద కుంచెతో చక్కగా నకలు తీయడం, గురువుగారు ముద్ర వేయడం ఏళ్ళ తరబడి జరుగుతున్న పనే. చేతికి వచ్చిన పనిని మరునాటికి వదలడం ఆమె ఎరుగరు. రెండు పేజీలూ ఒక్క అక్షరం చెదరకుండా నకలు తీశారు. "స్థానిక ప్రజల సంపూర్ణ అంగీకారంతో" అన్న వాక్యం దగ్గర కుంచె ఒక్క క్షణం ఆగింది కాని, తరువాత కదిలింది. ఆ పత్రం ముద్ర కోసం నల్లని లక్కపళ్ళెంలో సిద్ధంగా ఉండిపోయింది.

విందుకు పది రోజుల ముందు నిరసావా టికెట్ల జాబితా చూస్తూ ఒకచోట వేలు పెట్టి ఆగిపోయాడు.

"మిసావో గారూ, ఈ కమినోసావావాళ్ళు... కొంపదీసి నిజంగా వస్తారంటారా?"

"టికెట్టు కొన్నారు కదండీ," అన్నారామె.

అతను జాబితా మడిచి పక్కన పెట్టాడు. కంపెనీ పెద్దల కళ్ళముందు ఈ ఊరివాళ్ళు నిలబడి నీళ్ళగోడు వెళ్ళబోసుకుంటే బాగుండదనీ, దూరాభారమనీ, శ్రమపడి రావలసిన అవసరం లేదనీ, మీ అభిమానమే మాకు చాలుననీ ఒక ఉత్తరం రాయమన్నాడు. మీ అక్షరాలు చూస్తే వాళ్ళు మారు మాట్లాడరని కూడా అన్నాడు. అతను దుర్మార్గుడేమీ కాడు. ఎవరికీ నొప్పి తగలకుండా పని జరగాలన్నదే అతని కోరిక.

"అలాగేనండి," అన్నారు మిసావో గారు.

ఆ మధ్యాహ్నం ఆమె సిరా నూరుకుని, మంచి కాగితం పరుచుకుని, "కమినోసావా గ్రామస్థులకు" అని రాశారు. ఆపైన కుంచె ముందుకు సాగలేదు. ఆ ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ తన చేతి ఉత్తరాలు దేవుడి అలమరలో దాచుకుంటారని ఆమెకు తెలుసు. వద్దని తాను రాస్తే వాళ్ళు రారు. గుడి పైకప్పు సొమ్ము పోతుంది, నీరు పోతుంది, పిడికెడు అన్నమైనా నోట పడదు. రాయకపోతే, ఉప్పు తిన్న ఇంటికి ఎదురు నిలిచినట్టవుతుంది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. సిరా ఆరిపోయింది. ఆమె కుంచె కడిగి, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, తన చేతిసంచిలో వేసుకున్నారు. ముప్ఫై ఒక్క సంవత్సరాలలో తనకు చెప్పిన పనిని ఆమె చేయకపోవడం అదే మొదలు.

మూడు రోజుల తరువాత ఇసోకిచి ఫోను చేశాడు. ఊళ్ళో పెద్ద తగవు వచ్చిపడిందట. మగవాళ్ళందరికీ ఉన్నది ఒక్కొక్క నల్లసూటు. పెళ్ళికీ అదే, చావుకీ అదే; పెళ్ళయితే తెల్ల టై, చావయితే నల్ల టై. ఈ విందుకు ఏ టై కట్టాలో ఎవరికీ పాలుపోవడం లేదట.

"దెంజిరో తాత నల్లది కడతానంటున్నాడక్కా. మన నీళ్ళు పోయినట్టే కదా, చావే అంటాడు."

రావద్దని చెప్పడానికి అదే ఆఖరి అవకాశమని ఆమెకు తెలుసు. నిరసావా ఎదుటి బల్లదగ్గర కషాయం తాగుతూ ఉన్నాడు. ఆమె రిసీవరును రెండు చేతులతో పట్టుకున్నారు.

"తెల్లది కట్టుకోమను," అన్నారు.

ఆ వెంటనే హోటలుకు ఫోను చేసి భోజనాలు మూడు వందల నలభై ఆరు అని చెప్పారు. ఎప్పుడూ వందల లెక్కనే చెప్పేవారు, ఈ నలభై ఆరేమిటండీ అని అక్కడి మేనేజరు అడిగాడు.

"వాళ్ళు తింటారు," అన్నారామె.

ఆదివారం నాలుగు గంటలకు విందు అయితే, కమినోసావావాళ్ళు మూడింటికే దిగారు. ఆడవాళ్ళు ఇంటి చిహ్నం ఉన్న నల్ల కిమోనోలతో, మగవాళ్ళు తెల్ల టైలతో, గోడవారగా బారులు తీరి నిలబడ్డారు. దెంజిరో తాతకు ఎనభై నాలుగేళ్ళు. ఆయన టైని కోడలు దారిలో మార్పించిందట. నల్లది జేబులో మడతపెట్టి ఉంది. స్వాగతం బల్లదగ్గర కూర్చున్న మిసావో గారు తలెత్తకుండా ఒక్కొక్క పేరూ రాసుకున్నారు. తమ్ముడి పేరు కూడా మిగతా పేర్లలాగే, ఒక గీత ఎక్కువ లేకుండా, తక్కువ లేకుండా రాశారు. నిరసావా గబగబా వచ్చి వంగాడు. ఉత్తరం అందలేదా అని ఆమె చెవిలో అడగబోయాడు కాని, అప్పుడే కంపెనీల కార్లు వచ్చాయి.

ఉపన్యాసాలు జరిగాయి. గ్లాసులు పైకి లేచాయి. మూడు వందల టికెట్లు కొన్న విహారస్థలాల కంపెనీ తరఫున ఇద్దరే వచ్చారు. వాళ్ళు వేయించిన మాంసం మూడేసి ముక్కలు తిని, గురువుగారికి వంగి నమస్కరించి, రేపటి పత్రం సంగతి మృదువుగా గుర్తుచేసి వెళ్ళిపోయారు. వాళ్ళ వెనకే ఒక్కొక్కరే జారుకున్నారు. నలభై నిమిషాలు తిరిగేసరికి ఆ పెద్ద హాలులో అతిథులంటూ మిగిలినవాళ్ళు కమినోసావావాళ్ళే. వాళ్ళు ఒక్క మెతుకైనా ముట్టలేదు. చేతులు కట్టుకుని, తిండి ఉన్న బల్లలవైపు చూడకుండా, అలాగే నిలబడి ఉన్నారు.

మాంసం చల్లారిపోతోందని, పొడుగాటి తెల్లటోపీ పెట్టుకున్న వంటపెద్ద వచ్చి మొరపెట్టుకున్నాడు. నిరసావా చెమటలు తుడుచుకుంటూ మిసావో గారి దగ్గరికి వచ్చాడు.

"తినరేమండీ వాళ్ళు? అలిగారా?"

అలక కాదని ఆమె చెప్పారు. ఆ కొండ ఊళ్ళలో విందు పిలిచినవాడు ప్రతి అతిథి ముందుకూ వచ్చి, తన చేత్తో ఒక గిన్నె సాకే అనే బియ్యపు సారా పోయాలి. అతిథి తాగి, అదే గిన్నె కడిగి తిరిగి పిలిచినవాడికి పోయాలి. ఒక మాట చెప్పుకోవాలి. అది జరిగేదాకా చాప్‌స్టిక్కులు పట్టుకోకూడదు, వెళ్ళిపోనూ కూడదు.

"పొయ్యకపోతే ఎంతసేపుంటారు?"

"పోసేదాకా."

ఈ సంభాషణను కుసకబే గారు విన్నారు. ఆయన తండ్రి బురదదారులు తొక్కి, ఊరూరా నేలమీద కూర్చుని గిన్నెలు మార్చుకున్న మనిషి. ఆయన మాత్రం పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారైనా ఆ పని చేయలేదు. హాలంతా ఖాళీగా ఉంది. పత్రికవాడు కెమెరా పట్టుకుని ఒక మూల నిలబడి ఉన్నాడు. కుసకబే గారు కాసేపు తటపటాయించి, పదినిమిషాల పని అనుకుని సాకే కుండ చేతిలోకి తీసుకున్నారు.

మొదట దెంజిరో తాత. పైనుంచి మూడో ఇల్లు అని తన ఉనికి చెప్పుకుని, మీ నాన్నగారు మా అరుగుమీద కూర్చుని రెండు గిన్నెల సేమ్యా తిన్నారని గుర్తుచేశాడు. రెండోది తొకు అవ్వ. ఆమె గిన్నెలోకి తొంగిచూసింది.

"మీ నాన్నగారికంటే సన్నగా పోస్తున్నారేంటి బాబూ. చెయ్యి వణుకుతోందా, చెయ్యి బిగువా?"

చుట్టూ ఉన్నవాళ్ళు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. ఆయన నిండా పోశారు. ఒక్కొక్కరికీ పోసి, ఒక్కొక్కరు తిరిగి పోసింది తాగాలి. పదో మనిషి దగ్గర ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఇరవయ్యో మనిషి దగ్గర మోకాళ్ళు సహకరించక, హోటలు తివాచీమీదే చతికిలబడ్డారు. గురువుగారు నేలమీద కూర్చున్నాక తాము నిలబడడం అమర్యాద కనుక, నలభై ఆరుగురూ ఆయన చుట్టూ కూర్చున్నారు. వడ్డించేవాళ్ళు తిండి బల్లలమీంచి పళ్ళేలు దించి నేలమీద పెట్టవలసి వచ్చింది. వాళ్ళు తమ పంట సంగతి చెప్పారు, నీరు ఏ నెలలో ఎంత చల్లగా ఉంటుందో చెప్పారు, కోడలికి కొడుకు పుట్టిన సంగతీ చెప్పారు. ఎవరూ గొంతు పెంచలేదు, ఎవరూ ఏదీ అడగలేదు. చివరివాడు ఇసోకిచి. ఊరిపెద్ద చివర కూర్చోవడం వాళ్ళ పద్ధతి.

"గురువుగారూ, మూడుసార్లు వచ్చాం. మాకు అడగడం రాదనుకుంటా," అన్నాడతను గిన్నె రెండు చేతులతో అందుకుంటూ. "నీళ్ళు పోతే ఊరు ఎక్కడికీ పోదు. ఆ రాళ్ళూ, ఆ మళ్ళూ అక్కడే ఉంటాయి. మేం పోతాం. అంతే సంగతి."

తాగి, గిన్నె కడిగి, ఆయనకు పోశాడు. ఆ తరువాతే నలభై ఆరుగురూ చాప్‌స్టిక్కులు చేతిలోకి తీసుకున్నారు. తినడం మొదలుపెట్టాక మాత్రం మొహమాటం లేదు. ఎంగిలి గిన్నెలు ఇంత శుభ్రంగా వెనక్కి రావడం తన సర్వీసులో ఇదే మొదటిసారని వంటపెద్ద టోపీ తీసి మరీ చెప్పాడు.

వాళ్ళు బస్సెక్కాక కుసకబే గారు తివాచీమీద అలాగే కూర్చుని ఉన్నారు. మిసావో గారు స్వాగతం బల్లమీది కాగితాలు సర్దుతుంటే, దగ్గరికి రమ్మని సైగ చేశారు.

"ఆ ఊరికి ఉత్తరం వెళ్ళలేదా?"

"వెళ్ళలేదండి."

"తపాలాలో పోయిందా?"

తప్పించుకోవడానికి ఆయన దారి చూపిస్తున్నారని ఆమెకు అర్థమైంది.

"నేను రాయలేదండి. రాజీనామా పత్రం రేపు పొద్దున రాసి తెస్తాను."

"అదైతే రాస్తారన్నమాట," అన్నారాయన.

ఆయన ఖాళీ గిన్నెను తిప్పుతూ, వాళ్ళు మళ్ళీ ఏడాది కూడా టికెట్లు కొంటారా అని అడిగారు. కొనలేరనీ, అది గుడి పైకప్పు సొమ్మనీ ఆమె చెప్పారు. కంపెనీ మళ్ళీ మూడు వందలు కొంటుంది కదా అన్నారాయన తనలో తాను అనుకుంటున్నట్టు. కొంటుందండి అన్నారామె. ఆయన లేవడానికి చెయ్యి చాపితే, ఆమె ఆ చెయ్యి పట్టుకుని లేపారు. నిక్కర్ల కాలం తరువాత ఆయన చెయ్యి పట్టుకోవడం ఆమెకు అదే మొదటిసారి.

సోమవారం ఆయన తలనొప్పితో ఆలస్యంగా వచ్చారు. నిరసావా సిరాదిమ్మె మూత తీసి సిద్ధంగా నిలబడ్డాడు. పన్నెండున్నర బండికి పత్రం వెళ్తేనే గడువులోపల అందుతుంది. మిసావో గారు లక్కపళ్ళెం తెచ్చి ఎదుట పెట్టారు. పక్కనే ఆమె రాజీనామా కవరు కూడా ఉంది. ఆయన ముద్ర చేతిలోకి తీసుకుని, ఏమి తోచిందో, దానిని పక్కనపెట్టి పత్రం చదవడం మొదలుపెట్టారు. ముద్ర వేసే ముందు ఆయన చదవడం నిరసావా ఎన్నడూ చూడలేదు.

"స్థానిక ప్రజల సంపూర్ణ అంగీకారంతో," అని ఆయన పైకి చదివారు. "ఇదెవరు రాశారు?"

ముసాయిదా కంపెనీ నుంచి వచ్చిందన్నాడు నిరసావా.

"అక్షరాలు మీవి కదా మిసావో గారూ?"

"నావేనండి." ఆమె తల వంచుకున్నారు. "అబద్ధమని తెలిసే రాశాను."

ముద్ర పడకపోతే కంపెనీ ఊరుకోదని, తన కంపెనీ పెద్దలకూ జవాబు చెప్పుకోవాలని నిరసావా సౌమ్యంగానే చెప్పాడు. అతను చెప్పినదాంట్లో అబద్ధమేమీ లేదు. కుసకబే గారు కణతలు నొక్కుకున్నారు.

"నిన్న నలభై ఆరుగురు నాచేత తాగించారయ్యా. ఇంకా దిగలేదు. దిగకముందే ఈ మాటకింద ముద్ర వెయ్యలేను." ఆయన పత్రాన్ని వెనక్కి నెట్టారు. "ఇంకోటి రాయండి మిసావో గారూ. పొట్టిగా. స్థానికుల అంగీకారం ఇంకా తెలుసుకోవలసి ఉన్నందున ప్రస్తుతం సమ్మతి తెలపలేను. అంతే."

ఆమె సిరా నూరుకున్నారు. మూడు వరుసల ఉత్తరానికి ఆ రోజు నాలుగు కాగితాలు పాడయ్యాయి. అయిదోది ఆయన చేతికిచ్చారు. ఆయన ముద్ర వేసి, ఆమె రాజీనామా కవరును విప్పకుండానే తన సొరుగులో పడేశారు. దాన్ని ఎప్పుడు చదవాలో తరువాత ఆలోచిస్తానని, ఆ రోజుకు మాత్రం బండి వేళవుతున్నదని చెప్పారు. బాగా ఆలోచిస్తాననే మాట ఆయన నోట ఎన్నిసార్లు విన్నారో లెక్కలేని మిసావో గారు, ఈసారి వంగి నమస్కరించి బయలుదేరారు.

గవర్నరు కార్యాలయంలో కిటికీ దగ్గరున్న గుమాస్తా కుసకబే గారి దళసరి కవర్లకు అలవాటుపడ్డవాడు. పలచని కవరును వెలుతురుకు పెట్టి చూసి, ఇంతేనా అని అడిగాడు. ఇంతేనని చెప్పి, అందినట్టు వేసిన ముద్ర తడి ఆరేదాకా ఆమె కిటికీ ముందే నిలబడ్డారు. ఆ తరువాత వీధిమలుపులో ఉన్న ఫోను దగ్గరికి వెళ్ళి, నాణాలు వేసి, తమ్ముడికి జరిగినది జరిగినట్టు చెప్పారు. దరఖాస్తు వసంతానికి వాయిదా పడుతుందనీ, కంపెనీ ఈలోగా ఏటి అవతలి నియోజకవర్గపు సభ్యుని దగ్గరికి వెళ్తుందనీ, అక్కడా టికెట్లు ఉంటాయనీ, ఏదీ దాచకుండా చెప్పారు.



"వసంతం దాకానా అక్కా?"

"వసంతం దాకా."

"మన పంట చేతికి రావాలంటే ఏడాదిన్నర."

"తెలుసు."

వెనక ఎవరితోనో అతను మాట్లాడడం ఆమెకు వినిపించింది. దెంజిరో తాత గొంతూ, తొకు అవ్వ గొంతూ కలగాపులగంగా వచ్చాయి. ఎవరో నవ్వారు. ఇసోకిచి మళ్ళీ లైనులోకి వచ్చాడు.

"రేపు పొద్దున్నే మొక్క నాటుతున్నామక్కా. పై మళ్ళలో మొదలుపెడతాం."